ఆల్ట్ కంట్రీ బ్యాండ్‌కి మొదటి నలభై మంది శ్రోతల్ని ఎలా సంపాదించుకోవాలి

డాలస్ చుట్టుపక్కల ఉంటూ, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శుక్రవారం సాయంత్రం గిటార్ కేసు కారు డిక్కీలో వేసుకుని బయల్దేరే తెలుగువాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. నేనూ అందులో ఒకణ్ణి. ఐదుగురం కలిసి నడుపుతున్న ఆల్ట్ కంట్రీ బ్యాండ్‌లో పెడల్ స్టీల్ గిటార్ వాయిస్తాను, అప్పుడప్పుడు పాటలు రాస్తాను. ఇర్వింగ్ నుంచీ ఫ్రిస్కో నుంచీ కుర్రాళ్లు, అమ్మాయిలు ఫోన్ చేసి ఒకటే అడుగుతుంటారు: "అన్నా, పాటలున్నాయి, బ్యాండుంది. వినేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు?" ప్రతిసారీ గంటసేపు చెప్పే మాటల్ని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఈ సంగీతం కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. ఇలినాయ్ రాష్ట్రంలో బెల్‌విల్ అనే ఊరుంది, సెయింట్ లూయిస్‌కి నది అవతల. అక్కడి కుర్రాళ్లు 1987లో అంకుల్ టుపెలో అనే బ్యాండ్ పెట్టి, అమెరికా పల్లెల పాత కంట్రీ పాటల బాణీనీ పంక్ రాక్ హోరునీ ఒకే పాటలో కలిపారు. పని దొరకని ఊళ్లు, తాగుడు, పొద్దుగూకినా తెమలని బతుకులు వాళ్ల పాటల్లో సరుకు. 1990లో మొదటి ఆల్బమ్ వచ్చింది. 1994లో విడిపోయి విల్కో, సన్ వోల్ట్ అని రెండు బ్యాండ్లయ్యారు. ఇక్కడ డాలస్‌లో ఓల్డ్ 97స్ కూడా 1990ల మొదట్లో పుట్టిందే. అంకుల్ టుపెలో వాళ్లకి మొదటి జనం దొరికింది సెయింట్ లూయిస్‌లో సిసిరోస్ అనే రెస్టారెంట్ కింద, నేలమాళిగలో ఉన్న చిన్న బార్‌లో. పెద్ద హాలు కాదు, రేడియో కాదు. అదే గదికి మళ్లీ మళ్లీ వెళ్లారు. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవాళ్లన్నది ఈ పనికి అక్షరాలా సరిపోతుంది.

కాబట్టి లక్ష్యం ఒకటే పెట్టుకోండి: నలభై మంది. మీరు పిలవకపోయినా మూడోసారి వచ్చే నలభై మంది. ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు వేల మంది ఉన్నా, వాళ్లలో మంగళవారం రాత్రి కారు తీసి వచ్చేవాళ్లు ఎంతమందో బార్లలో షోల బుకింగ్ చూసేవాళ్లకి బాగా తెలుసు.

అన్నిటికంటే ముందు వీసా

మనవాళ్లకి ఇది తప్పనిసరి. హెచ్‌1బీ మీద ఉంటే, పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేసి డబ్బు తీసుకోకూడదు. ఎఫ్‌1 మీద చదువుకుంటున్నవాళ్లకీ అనుమతి లేని పని కుదరదు. బార్ ఇచ్చే డబ్బు, శ్రోతలు డబ్బు వేసే టిప్ జార్‌లో మీ వాటా, టీషర్టుల మీద వచ్చే లాభం అన్నీ ఇందులోకే వస్తాయి. డబ్బు ముట్టుకోకుండా వాయించినా, మామూలుగా డబ్బిచ్చి చేయించే పనైతే చిక్కు రావచ్చు. మొదటి షో ఒప్పుకోకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఫీజు కట్టి, మీ పరిస్థితి చెప్పి అడగండి. "అందరూ చేస్తున్నారు కదా" అన్న మాట విని పదేళ్ల కష్టాన్ని పణంగా పెట్టకండి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఇంటి గ్యారేజీలోనూ స్నేహితుల పెరట్లోనూ మాత్రమే వాయించాను. ఆ మూడేళ్లూ వృథా పోలేదు, చేతులు కుదురుకున్నాయి.

నలభై నిమిషాలు సిద్ధం చేసుకోండి

ఒకే రాత్రి రెండు మూడు బ్యాండ్లు వరసగా వాయిస్తాయి. కొత్త బ్యాండ్‌కి ఇచ్చేది మొదటి వంతు, అంటే మొదటి స్లాట్. ముప్పై నుంచి నలభై నిమిషాలు. పది పాటలు చాలు. ఏడెనిమిది సొంతవి, రెండు మూడు జనానికి తెలిసినవి. ఇతరుల పాటలు పాడటానికి మీరు లైసెన్స్ తీసుకోనక్కర్లేదు. పాటలు రాసినవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే ఆస్కాప్, బీఎంఐ లాంటి సంస్థలకి సాధారణంగా ఆ హాలువాళ్లే ఏడాదికింతని కట్టి ఉంటారు.

ఇక సొంత పాటల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

మనం టెక్సస్‌లో ఉన్నాం కదా అని గుర్రాలు, పికప్ ట్రక్కులు, విస్కీ పెట్టి పాట రాయకండి. లేని యాస తెచ్చిపెట్టుకుని పాడకండి. ఇక్కడ తాతల నాటి నుంచీ ఈ పాటలు వింటున్నవాళ్లకి ఒక్క చరణంలో తెలిసిపోతుంది. మాది ప్రకాశం జిల్లా, కొండపి వైపు. మా తాత వర్జీనియా పొగాకు వేసేవాడు. ఆకు కోసి, కర్రలకి కట్టి, బ్యారన్‌లోకి, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టులోకి ఎక్కించాక వారం దాకా మంట ఆరకుండా, మరీ పెరగకుండా రాత్రీ పగలూ కాపలా కాయాలి. వేడి తేడా వస్తే ఆకు రంగు చెడుతుంది, రంగు చెడితే వేలంలో ధర పడిపోతుంది. చిన్నప్పుడు నేను తాత పక్కన గోనెపట్టా మీద పడుకునేవాణ్ణి. అర్ధరాత్రి మెలకువ వస్తే ఆయన పొయ్యి నోటి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ముఖమంతా ఎర్రగా, లోపలి వేడిని చెవితో వింటున్నట్టు కనిపించేవాడు. ఆ ఒక్క దృశ్యం మీద ఇంగ్లిష్‌లో ఒక పాట రాశాను. బ్యాండ్‌లో మిగతా నలుగురూ "ఇది ఎవరికి అర్థమవుతుంది?" అని సందేహపడ్డారు.

మూడో షోలో ఆ పాట అయ్యాక డెబ్బై ఏళ్ల పెద్దాయన స్టేజీ దగ్గరికి వచ్చాడు. ఆయనది నార్త్ కరోలినా. వాళ్ల నాన్న కూడా వర్జీనియా పొగాకే పండించేవాడట, అలాగే బ్యారన్ దగ్గర రాత్రుళ్లు కూర్చునేవాడట. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మా నలభై మందిలో మొదటి పేరు ఆయనదే. మీ ఊళ్లో చేపల చెరువుండొచ్చు, మగ్గం గుంట ఉండొచ్చు, బొగ్గు గని ఉండొచ్చు. పాట అక్కణ్ణుంచి తీయండి. ఈ సంగీతం అడిగేది అదే.

వాయిద్యాల విషయానికొస్తే, ముందు గొంతు వినపడాలి. పెడల్ స్టీల్‌కి పది తీగలు. ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ, కాళ్ల కింద పెడల్స్, మోకాళ్లకి లివర్లు, కుడి పాదం కింద వాల్యూమ్ పెడల్. మొదటిసారి విన్నప్పుడు ఒక స్వరం మీంచి ఇంకో స్వరంలోకి జారే ఆ తీరు నాకు వీణ మీద గమకంలా అనిపించింది. పాత సినిమా పాటల్లో హవాయి గిటార్ విన్న చెవికి కూడా అది కొత్తది కాదు. కానీ అంత తియ్యగా ఉంది కదా అని గాయకురాలు పాడుతున్నంతసేపూ వాయిస్తే పాట మునిగిపోతుంది. ఆమె పంక్తి ముగించి ఊపిరి తీసుకునే చోట రెండు స్వరాలు వేసి ఊరుకోవాలి. ఇది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మీరు త్వరగా నేర్చుకోవాలంటే రిహార్సల్‌ని ఫోన్‌లో రికార్డ్ చేసి, మర్నాడు కారులో వినండి. మాటలు తెలియకపోతే, తప్పు పాడేవాళ్లది కాదు, వాయించేవాళ్లది.

టెక్సస్‌లో ఇంకొకటుంది. ఇక్కడ కంట్రీ అంటే డాన్స్. సెట్‌లో కనీసం రెండు పాటలు టూ స్టెప్ అనే జంట డాన్స్‌కి పనికొచ్చేలా, ఒకటి మూడు దెబ్బల వాల్ట్జ్ నడకలో ఉంచండి. క్విక్ క్విక్ స్లో స్లో అని అడుగులు పడేంత నిలకడగా డ్రమ్స్ నడవాలి. స్టేజీ ముందు బల్లలుంటే షోకి ముందే మర్యాదగా అడిగి పక్కకి జరిపించండి. ఒక జంట ఆడటం మొదలుపెడితే బార్ దగ్గర వెనక్కి తిరిగి కూర్చున్నవాళ్లు కూడా ఇటు తిరుగుతారు.

గది ఎంచుకోండి, కానీ వెంటనే అడగకండి

వందమందికి మించి పట్టని చోటు వెతకండి. డాలస్‌లో డీప్ ఎల్లమ్ పేరున్న పేటే. 1920లలో బ్లూస్ గాయకులు పాడిన చోటు కాబట్టి మనసు అటే లాగుతుంది. కానీ కొత్తవాళ్లకి డెంటన్‌లోనో ఫోర్ట్‌వర్త్‌లోనో ఉన్న చిన్న బార్లు మేలు. డెంటన్‌లో యూనివర్సిటీ ఉంది, సంగీతం చదివే పిల్లలుంటారు, వారం మధ్యలో కూడా జనం ఉంటారు.

ఎంచుకున్నాక రెండు నెలలు అక్కడికి శ్రోతగా వెళ్లండి. టికెట్ కొనండి, మొదటి బ్యాండ్ దగ్గర్నుంచి చివరి బ్యాండ్ దాకా ఉండండి. సౌండ్ చూసే మనిషి పేరు తెలుసుకోండి. ఎవరైనా ఎక్కి పాడగలిగే ఓపెన్ మైక్ ఉంటే రెండు పాటలు పాడి రండి. ఆ తర్వాత రాసే ఈమెయిల్‌కి ముఖం ఉంటుంది. మెయిల్ అరడజను వాక్యాలు దాటకూడదు. ఎవరు మీరు, ఏం వాయిస్తారు, ఆ గదిలో మీరు చూసిన ఏ స్థానిక బ్యాండ్‌తో కలిసి వాయిస్తే బాగుంటుంది, ఎంతమందిని తీసుకురాగలరు, వీలున్న మూడు తేదీలు, ఒకే ఒక్క లైవ్ వీడియో లింకు. పదిహేను మంది వస్తారనుకుంటే పదిహేనే రాయండి. యాభై అని రాసి పన్నెండు మందిని తెస్తే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. జవాబు రాకపోతే రెండు వారాలకి ఒకసారి గుర్తుచేయండి. రెండుసార్లు చాలు.

డబ్బు మాట ముందే, రాతలో

చాలా చోట్ల డోర్ డీల్ ఉంటుంది, అంటే తలుపు దగ్గర వచ్చిన టికెట్ డబ్బులో వాటా. ఒక లెక్క చూడండి. మూడు బ్యాండ్లు, టికెట్ 10 డాలర్లు, 60 మంది వచ్చారు, 600 అయింది. సౌండ్ ఖర్చు 100 తీసేశారు. మిగిలిన 500లో బ్యాండ్లకి 70 శాతం, అంటే 350. చివర వాయించే పెద్ద బ్యాండ్ సగం తీసుకుంటే మిగతా రెండు బ్యాండ్లకి తలా 87 డాలర్ల 50 సెంట్లు. ఐదుగురికి పంచితే మనిషికి 17 డాలర్ల 50 సెంట్లు. పెట్రోలుకీ పార్కింగుకీ సరి. అందుకే మొదటి ఏడాది పంచుకోకండి. ఉమ్మడి ఖాతాలో వేసి రికార్డింగ్‌కీ టీషర్టులకీ వాడండి. ఎవరు ఎంత పెట్టారో, ఎంత వచ్చిందో అందరికీ కనపడే ఒక షీట్ ఉండాలి. నేను చూసిన బ్యాండ్లు సంగీతం దగ్గర విడిపోలేదు, ఈ లెక్క దగ్గరే విడిపోయాయి.

ఒకసారి ఒక బార్‌లో నోటిమాట మీద వాయించాం. గది నిండింది. రాత్రి ఒంటిగంటకి డబ్బు అడిగితే, ఒప్పుకున్న మేనేజర్ ఉద్యోగం మానేశాడని, తమకేమీ తెలియదని చెప్పారు. గాయకురాలు ఆ రాత్రి పార్కింగ్ లాట్‌లో కూర్చుని ఏడ్చింది. అప్పట్నుంచి ఎంత, ఎప్పుడు, ఎవరిస్తారు, సౌండ్ ఖర్చు ఎవరిది, ఎన్ని నిమిషాలు అన్నవి ఈమెయిల్‌లో వచ్చాకే వెళ్తున్నాం.

షో రాత్రి

వారం ముందే స్టేజ్ ప్లాట్ పంపండి. ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎన్ని మైకులు, ఎన్ని ప్లగ్ పాయింట్లు అని గీసిన ఒక పేజీ. లోడ్ ఇన్, అంటే సామాను లోపలికి చేర్చే టైము, ఆరున్నర అంటే ఆరుంబావుకి అక్కడుండండి. అదనపు తీగలు, కేబుళ్లు, ట్యూనర్ బ్యాటరీ సంచిలో ఉండాలి. మీ సెట్ అవగానే ముందు స్టేజీ ఖాళీ చేయండి, కబుర్లు తర్వాత. మీ తర్వాతి బ్యాండ్లు వాయిస్తున్నంతసేపూ గదిలోనే ఉండండి. తమ వంతు కాగానే స్నేహితుల్ని వెంటేసుకుని వెళ్లిపోయే బ్యాండ్‌ని ఎవరూ మళ్లీ పిలవరు. బార్ దగ్గర పనిచేసేవాళ్లకి టిప్ ఇవ్వండి, సౌండ్ మనిషికి స్టేజీ మీంచి పేరుపెట్టి థ్యాంక్స్ చెప్పండి. బ్యాండ్ పేరు కనీసం రెండుసార్లు నిదానంగా పలకండి.

ఇక నోట్‌బుక్. టీషర్టుల బల్ల మీద మేం పెట్టేది మామూలు రూళ్ల నోట్‌బుక్, దారంతో కట్టిన పెన్ను. పేరు, ఈమెయిల్ వాళ్లు రాస్తారు. వాళ్లు వెళ్లగానే పక్క మార్జిన్‌లో నేను రెండు మాటలు రాసుకుంటాను. "ఎర్ర బూట్లు, మూడో పాటకి ఆడారు." "కొత్తగా టల్సా నుంచి వచ్చింది, నర్సు." "అన్న ఫిడిల్ వాయిస్తాడట." మర్నాడు పొద్దున్నే, కాఫీ చల్లారేలోపు, ఒక్కొక్కరికీ విడిగా మూడు వాక్యాలు రాస్తాను. గుంపు మెయిల్ కాదు. "ఎర్ర బూట్ల" దంపతులకి ఆ వాల్ట్జ్ పాట మేం వచ్చే నెల నెమ్మదిగా వాయించబోతున్నాం అని రాశాను. వచ్చే నెల వాళ్లు ఎనిమిది మందితో వచ్చారు, డాన్స్ క్లాసులో స్నేహితులట. నలభై మంది ఎక్కణ్ణుంచి వస్తారని అడిగేవాళ్లకి నా జవాబు ఈ మార్జినే. ఫోన్‌లో డబ్బు పంపే వెన్మో కోడ్, క్యూఆర్ స్టిక్కర్ అన్నీ పెట్టండి, కానీ నోట్‌బుక్ మానకండి. స్కాన్ చేసినవాళ్లు అంకెగా మిగులుతారు, రాసినవాళ్లు మీతో మాట్లాడి వెళ్తారు.

తెలుగు స్నేహితులు మొదటి షోకి అభిమానంతో వస్తారు, గోల చేస్తారు, ఫొటోలు తీస్తారు. సంతోషమే. కానీ వాళ్లని నలభైలో లెక్కపెట్టకండి. మూడోసారి కూడా వచ్చినవాళ్లు పాట కోసం వచ్చినట్టు, అప్పుడు కలపండి.

ఎన్నాళ్లకొకసారి?

ఒకే ఊళ్లో ఐదారు వారాలకి ఒకసారి మించి వాయించకండి. ప్రతి వారం ఉంటే "వచ్చే వారం చూద్దాంలే" అంటారు. కొన్ని హాళ్లు షోకి ముందూ వెనకా ఇన్ని రోజులు, ఇన్ని మైళ్ల లోపల వేరే చోట వాయించొద్దని షరతు పెడతాయి, చదివి ఒప్పుకోండి. మధ్యలో ఊళ్లు మార్చండి. డాలస్ నుంచి ఫోర్ట్‌వర్త్ సుమారు 30 మైళ్లు, డెంటన్ 40. ఈ మూడు ఊళ్లతోనే ఏడాది గడిచిపోతుంది.

ఆ తర్వాత ఆస్టిన్. 200 మైళ్ల దూరం. అక్కడ మిమ్మల్ని ఎవరూ ఎరగరు కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడమే దారి. ఆస్టిన్ బ్యాండ్‌ని మీ గదికి పిలిచి, మీ జనం ముందు మంచి స్లాట్ ఇవ్వండి, రాత్రికి ఇంట్లో పడుకోబెట్టండి, పొద్దున ఉప్మా పెట్టండి. వాళ్లు తర్వాత మిమ్మల్ని పిలుస్తారు. ఆ దారిలోనే ఇంకొంచెం దక్షిణానికి వెళ్తే న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో గ్రీన్ హాల్ ఉంది. 1878లో కట్టిన డాన్స్ హాలు, ఇప్పటికీ షోలు జరుగుతున్నాయి. వాయించే అవకాశం వచ్చేదాకా ఆగకుండా ఒకసారి శ్రోతలుగా వెళ్లి ఆ చెక్క నేల మీద నిలబడి రండి. ఈ సంగీతం ఎవరి కాళ్ల కింద పెరిగిందో తెలుస్తుంది.

రికార్డింగ్, రేడియో

ఇరవై షోలయ్యాక నాలుగు పాటలు రికార్డ్ చేయండి, ముందు కాదు. జనం ఏ పాటకి కదిలారో అప్పటికి తెలిసి ఉంటుంది. బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం, టీషర్టుల్లాంటి వస్తువుల మీద 10 శాతం తీసుకుంటుంది. చెల్లింపుల రుసుము పోను మిగతాది మీకే. చిన్న బ్యాండ్‌కి అదే మంచిది. స్పాటిఫైలో 2024 నుంచి, పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకి పైసా రాదు. అయినా పాట అక్కడ ఉండాలి, బుకింగ్‌వాళ్లు వెతికేది అక్కడే. విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు వాళ్ల ప్లేలిస్ట్ ఎడిటర్లకి పాట పంపే వీలుంది, మర్చిపోకండి.

ప్రతి పాటకీ ఎవరు ఎంత శాతం రాశారో ఒక కాగితం మీద రాసి ఐదుగురూ సంతకాలు పెట్టండి, స్టూడియో మెట్లెక్కకముందే. ఆస్కాప్‌లోనో బీఎంఐలోనో పాటలు నమోదు చేయించండి. మీ సొంత పాటలు ఏ బార్‌లో ఏ రోజు వాయించారో వాళ్ల సైట్‌లో రాస్తే కొద్దో గొప్పో రాయల్టీ వస్తుంది. రాయల్టీ కూడా ఆదాయమే కాబట్టి, వీసా మీద ఉన్నవాళ్లు దీన్ని కూడా లాయర్‌ని అడిగే ప్రశ్నల్లో చేర్చుకోండి. డాలస్‌లో కేఎక్స్‌టీ 91.7 అనే పబ్లిక్ రేడియో ఉంది, యూనివర్సిటీ స్టేషన్లూ ఉన్నాయి. విడుదలకి నెల ముందు ఒకే ఒక్క పాట పంపండి. బూతు మాటలుంటే అవి తీసేసిన వెర్షన్ పంపండి. రాబోయే షో తేదీ కూడా రాయండి. తేదీ ఉంటే వాళ్లకి పాట వేయడానికి ఒక కారణం దొరుకుతుంది.

నలభై నిండినప్పుడు

నోట్‌బుక్ తీసి, మూడుసార్లు వచ్చినవాళ్ల పేర్ల పక్కన చుక్క పెట్టుకుంటూ రండి. మాకు నలభై చుక్కలు పడటానికి పద్నాలుగు నెలలు పట్టింది. అప్పుడు అదే గది బుకింగ్ చూసే మనిషికి మెయిల్ రాయండి. గత మూడు షోల తేదీలు, ప్రతి షోకి తలుపు దగ్గర ఎన్ని టికెట్లు తెగాయో రాసి, ఒక శనివారం అడగండి. ఈసారి చివరి స్లాట్ మీది. మొదటి స్లాట్‌కి, మీరు శ్రోతగా వెళ్లిన రోజుల్లో ఓపెన్ మైక్‌లో విన్న ఎవరినైనా పిలవండి, వాళ్ల వాటా ఎంతో మెయిల్‌లో రాసి పంపండి. నలభై మందికీ విడివిడిగా రాయడానికి రెండు సాయంత్రాలు పడుతుంది. షోకి పది రోజుల ముందే మొదలుపెట్టండి.